తెరచాప కడియాలు

తెరచాప కడియాలు సంప్రదాయ పడవల్లో చాప ముందు అంచును స్తంభానికి కలిపి ఉంచే కొయ్య వలయాలు. చాపను ఎత్తితే ఇవి స్తంభం వెంట పైకి జారతాయి. దించితే అడుగున ఒకదానిపై ఒకటి చేరతాయి.

ఆష్ లేదా ఓక్ బద్దను ఆవిరితో మెత్తబరచి గుండ్రంగా వంచుతారు. కొసలను ఒకదానిపై ఒకటి వేసి రాగి రివెట్లతో బిగిస్తారు. కడియం లోపలి వ్యాసం స్తంభం మందం కంటే కాస్త ఎక్కువ ఉండాలి. మరీ బిగువైతే కడియం ఒక పక్కకు వాలి ఇరుక్కుంటుంది, గాలి ముదిరిన వేళ చాప కిందికి దిగదు.

చాప అంచులోని రంధ్రం గుండా తారు పట్టించిన సన్నతాడును పోనిచ్చి, కడియం చుట్టూ పలుమార్లు తిప్పుతారు. ఆ చుట్లను నడుమ అడ్డచుట్లతో బిగించి ముడివేస్తారు. కట్టుకు అసలు బలం ఈ అడ్డచుట్లదే. అవి లేకుంటే తాడు వదులై రాపిడికి తెగుతుంది.

స్తంభాన్ని నిలబెట్టకముందే కడియాలన్నీ దానికి ఎక్కించాలి. ఆధారపు తాళ్లు కట్టాక కొత్తది చేర్చడం కష్టం కనుక, అనుభవజ్ఞులు ఒకటి రెండు అదనంగా వేసి ఉంచుతారు.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1921లో పుట్టిన బీటిల్ క్యాట్ అనే చిన్న తెరచాప పడవ ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ. పొడవు 12 అడుగుల 4 అంగుళాలు, ఒకే స్తంభం, సుమారు 100 చదరపు అడుగుల ఒకే చాప. ఈ పడవను నేటికీ చెక్కతోనే కడుతున్నారు.