పాత సైనిక పతకాలు: అంచు చదివి కొనండి

1918 సెప్టెంబరు 23న మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్ల అశ్వదళాలు తురుష్కుల ఏలుబడిలోని హైఫా నగరాన్ని జయించాయి. మన చిక్కబళ్ళాపుర ప్రాంతం నాడు మైసూరు సంస్థానంలోనిదే. తాతముత్తాతల కాలపు గుర్తుగా అంతర్జాల వేలంలో అటువంటి పతకం కొనదలచినవారు కొన్ని సంగతులు ఎరిగి ఉండాలి.

“హైఫా పతకం” అన్న ప్రకటనను నమ్మరాదు. ఆ పేరిట బ్రిటిష్ ప్రభుత్వం ప్రత్యేక పతకమేదీ ఇవ్వలేదు. నాటి సైనికులకిచ్చిన 1914-18 యుద్ధ పతకం వెండిది. వ్యాసం 36 మిల్లీమీటర్లు. ఒకవైపు అయిదవ జార్జి ముఖం, మరొకవైపు అశ్వారూఢుడు ఉంటాయి. శ్రామిక దళాలలో పలువురికి కంచువి ఇచ్చారు. కనుక కంచుదైనంత మాత్రాన నకిలీ కాదు.

అసలు సాక్ష్యం అంచున ఉంటుంది. సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం అక్కడ ముద్రించి ఉంటాయి. పాత పేరు అరగదీసి కొత్తది చెక్కితే వ్యాసం తగ్గుతుంది. అంచు చుట్టూ తీసిన ఛాయాచిత్రాలు, కొలత అడగండి. చూపనివానికి సొమ్ము పంపవద్దు.

నూరేళ్ళు దాటిన పురావస్తువులను వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి చట్టం నిషేధించింది. ఇంట పతకం ఉన్నవారు పాత వెండి లెక్కన తూచి అమ్మవద్దు. అంచున ఉన్న పేరు మీ వంశ చరిత్ర.