ఆకలి చుట్టూ అల్లిన ఆటలు

1980 ప్రాంతంలో అమెరికా విశ్వవిద్యాలయాల కంప్యూటర్లలో 'రోగ్' అనే ఆట పుట్టింది. శాంటాక్రూజ్‌లో చదువుకుంటున్న మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ మొదలుపెట్టారు. తరవాత బర్క్‌లీలో కెన్ ఆర్నాల్డ్ చేయి కలిపాడు. బొమ్మలు లేవు. గోడలంటే గీతలు, రాక్షసులంటే ఇంగ్లిషు అక్షరాలు, మొత్తం 26. ఆడిన ప్రతిసారీ నేలమాళిగ దారులు మారిపోతాయి, చచ్చిపోతే మళ్ళీ మొదటికే. నన్నడిగితే ఆ ఆటను నిలబెట్టింది రాక్షసులు కాదు, ఆకలి. ఒకచోట కూర్చుని గాయాలు మానేదాకా ఆగుదామంటే కడుపు మాడుతుంది. సంచిలో తిండి కొద్దిగానే ఉంటుంది. ఇప్పుడు తినాలా, దాచాలా? ఆ పోలికతో వచ్చిన ఆటలన్నిటికీ రోగ్‌లైక్ అని పేరు పడింది.

వింత జీవులను పట్టి పెంచే ఆటలది వేరే దారి. టోక్యో శివార్లలో పురుగులు పట్టుకుంటూ పెరిగిన సతోషి తజిరి ఆ చిన్ననాటి సరదాను పోకెమాన్‌గా మలిచాడు. అది 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో విడుదలైంది. అందులోని సఫారీ జోన్ చూడండి: రుసుము కడితే చేతికి 30 బంతులిస్తారు, దాదాపు 500 అడుగులు నడవనిస్తారు. ఎర వేస్తే జంతువు కాసేపు నిలుస్తుంది కానీ త్వరగా పట్టుబడదు. రాయి విసిరితే సులువుగా దొరకవచ్చు, పారిపోనూ వచ్చు.

ఈ రెండు దారులూ 1997లో కొనామి వారి 'అజూర్ డ్రీమ్స్'లో కలిశాయి. అందులోని గోపురం దిగి బయటికొస్తే కథానాయకుడి బలం మొదటికొస్తుంది, గుడ్ల నుంచి పెంచిన జీవుల బలం మాత్రం నిలుస్తుంది. 2005లో చున్‌సాఫ్ట్ చేసిన 'పోకెమాన్ మిస్టరీ డంజియన్'లో ఆకలి తీర్చేది ఆపిల్ పండు. 2024లో అభిమానులు కట్టిన 'పోకెరోగ్'లో మొదటి జట్టును 10 పాయింట్లకు లోబడి ఎంచుకోవాలి; జట్టంతా దానంతటదే కోలుకునేది పది పోరాటాలకొకసారే.

ఉన్నదాన్ని ఎప్పుడు ముట్టాలి, ఎప్పుడు ముట్టకూడదు అన్న ఈ నియమం మన తూర్పు కనుమల్లో ఆట కాదు, బతుకు. అరకు, పాడేరు కొండల ఆదివాసులకు 'కొత్త' పండుగలున్నాయి. మామిడి కొత్త చేసి, తొలి కాయలు దేవతకు పెట్టేదాకా ఆ ఏటి మామిడిని తినరు. దాంతో లేత కాయలను రాలగొట్టడం ఆగుతుంది, టెంక ముదురుతుంది. వానాకాలంలో పాత గింజలు నిండుకుని, కొత్త పంట ఇంకా చేనులో ఉండే రోజులకు ఆ టెంకే ఆధారం. లోపలి జీడిని ఎండబెట్టి, వగరు పోయేలా నీళ్ళలో ఉంచి, పిండి చేసి అంబలి కాస్తారు. ఇంత తెలివి, ఇంత ఓపిక ఉన్న ఏర్పాటును ఏ ఆటలోనూ నేను చూడలేదు.

అయితే ఆటలో ఓడితే ఇంకోసారి మొదలుపెట్టవచ్చు. 2001లో ఇవే కనుమల్లో, ఒడిశాలోని కాశీపూర్‌లో టెంక అంబలి తాగిన ఆదివాసులు చనిపోయారు. అవి ఆకలి చావులా, బూజు పట్టిన టెంకల వల్ల వచ్చిన చావులా అని దేశమంతా వాదించుకుంది. కొరతను వినోదంగా మలిచేవాళ్ళు ఆ సంగతి మరచిపోకూడదు.

హైదరాబాద్‌లో ఇప్పుడు ఆటలు తయారుచేసే సంస్థలు చాలా ఉన్నాయి. వాళ్ళకు నాదొక మనవి. పరాయి నేలమాళిగలు ఎందుకు, బొర్రా గుహలున్నాయి. అలుగు, అడవిదున్న, ఎలుగుబంటి ఉన్నాయి. కొత్త పండుగ రాకముందు ముట్టరాదన్న నియమంతో ఒక ఆట కట్టండి, మన పిల్లలు ఆడుకుంటారు. కానీ కట్టేముందు ఆ ఊళ్ళకు వెళ్ళి పెద్దలను అడగండి. వాళ్ళు ఒప్పుకుంటేనే చేయండి, వచ్చిన డబ్బులో వాళ్ళ వాటా వాళ్ళకివ్వండి.