ఎలక్ట్రానిక్ ఎయిర్ క్లీనరు

ఉత్తర అమెరికాలోని శీతల ప్రాంతములయందు, నేలమాళిగలోని ఫర్నేసు వేడిచేసిన గాలిని గొట్టములద్వారా గదులన్నింటికిని పంపు గృహములలో, ఆ గాలియందలి ధూళిని, పుప్పొడిని, పొగను విద్యుదాకర్షణచే పట్టియుంచు సాధనమిది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ రసాయనశాస్త్రజ్ఞుడగు ఫ్రెడరిక్ కాట్రెల్ 1908లో పేటెంటు పొందిన, కర్మాగారముల పొగను శుద్ధిచేయు యంత్రము దీనికి పూర్వరూపము.

వేల వోల్టుల విద్యుత్తుగల సన్నని టంగ్‌స్టన్ తీగలు తమ చెంతగా పోవు రేణువులకు ఆవేశము నొసగగా, వెనుక దగ్గరదగ్గరగా నిలిపిన అల్యూమినియపు పలకలు వానిని లాగికొనును. ముతక ధూళిని, వెండ్రుకలను ముందున్న జాలియే ఆపును.

తిరిగివచ్చు గాలిగొట్టమునకును ఫర్నేసుకును నడుమ, గాలి ప్రక్కలనుండి తప్పించుకొనకుండ అతుకులు మూసి, పంకా తిరుగునపుడు మాత్రమే విద్యుత్తు ప్రసరించునట్లు దీనిని అమర్చవలయును. గాలికి తేమనిచ్చు యంత్రమున్నచో దానిని శోధకమునకు తరువాతనే యుంచుట యుక్తము.

అమర్చుటకన్న పోషణయే కష్టము. పలకలపై మలినము పేరుకొన్నకొలది ఆకర్షణశక్తి క్షీణించును గావున, ఇంటి ధూళినిబట్టి ఒకటి మొదలు మూడు నెలలకొకమారు, విద్యుత్తును నిలిపి, శేషించిన ఆవేశము తొలగువరకు కొంతసేపు వేచి, పలకల పెట్టెలను వెలికిదీసి, సబ్బుపొడి కలిపిన వేడినీట నానబెట్టి, కడిగి, పూర్తిగా ఆరినపిదప, బాణపు గుర్తు గాలి పోవు దిక్కును చూపునట్లు మరల నిలుపవలయును. అప్పుడప్పుడు వినవచ్చు చిటపట సహజమే; ఎడతెగని చిటపటను యంత్రము చక్కగా పనిచేయుచున్నదనుటకు గుర్తుగా నెంచి సంతసించు గృహస్థులు లేకపోలేదుగాని, అది తెగిన తీగకో, వంగిన పలకకో, తడికో, మురికికో సూచన. ఇది స్వల్పముగా ఓజోను వాయువును పుట్టించును. ఘాటైన వాసన తోచినచో, ఉబ్బసరోగులున్న ఇంట ముఖ్యముగా, దానిని వెంటనే ఆపి పరీక్షింపజేయవలయును.