ప్రజారోగ్య పరిశోధనకు బాటలు వేసిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి

వ్యాధికి కారణం కనుగొనడంతో పరిశోధకుని బాధ్యత తీరదని, నివారణ చర్య ప్రజలకు మేలు చేసిందో లేదో కొలిచి నిరూపించాలని ఆచరణలో చూపిన శాస్త్రవేత్త డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఆయన 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలోను, అనంతరం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోను ఉన్నత విద్య నభ్యసించారు. కూనూరులోని పోషకాహార పరిశోధనాశాలలో పరిశోధనలు సాగించారు.

కాంగ్రా లోయ అధ్యయనం

హిమాలయ పాద ప్రాంతాలలో గాయిటర్ వ్యాధి తరతరాలుగా ప్రబలి ఉండేది. అయోడిన్ లోపం వలన గర్భస్థ శిశువుల మెదడు ఎదుగుదల కూడా దెబ్బతింటుంది. ధనిక, పేద తేడా లేకుండా అందరూ నిత్యం వాడేది ఉప్పు. అందుచేత ఉప్పు ద్వారానే అయోడిన్ అందించే అధ్యయనం 1956లో కాంగ్రా లోయలో ప్రారంభమైంది. ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించి, ఒకదానికి పొటాషియం అయోడైడ్, మరొకదానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పును, మూడవ దానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. అయోడిన్ అందిన రెండు మండలాల బడిపిల్లలలో వ్యాధి గణనీయంగా తగ్గింది. మామూలు ఉప్పు వాడిన మండలంలో అటువంటి తగ్గుదల కనిపించలేదు. తదుపరి ఆ మండలానికి కూడా అయోడిన్ ఉప్పు అందించగా అక్కడ సైతం వ్యాధి తగ్గుముఖం పట్టింది. 1962లో భారత ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

పదవులు, సేవలు

1969 నుండి 1979 వరకు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సంచాలకులుగాను, 1979 నుండి 1986 వరకు భారత వైద్య పరిశోధనా మండలి మహా సంచాలకులుగాను పనిచేశారు. 1994లో సూరత్‌లో ప్లేగు కలకలం రేగినపుడు కేంద్రం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షత వహించారు.

నిధుల వినియోగంపై సమీక్ష

దాతృత్వ సంస్థలు, అభివృద్ధి సంస్థల ఆర్థిక సహాయంతో ఏర్పడిన అంతర్జాతీయ ఆరోగ్య పరిశోధనా కమిషన్‌లోని 12 మంది సభ్యులలో ఆయన ఒకరు. నివారించదగిన మరణాల భారంలో 93 శాతం వర్ధమాన దేశాలదే కాగా, ఆ దేశాల సమస్యలపై పరిశోధనకు దక్కుతున్నది ప్రపంచ ఆరోగ్య పరిశోధనా వ్యయంలో సుమారు 5 శాతమేనని 1990లో కమిషన్ వెల్లడించింది. వర్ధమాన దేశాలు తమ ఆరోగ్య వ్యయంలో కనీసం 2 శాతాన్ని, దాతలు ఆరోగ్య పథకాలకిచ్చే సహాయంలో 5 శాతాన్ని పరిశోధనకు కేటాయించాలని సిఫారసు చేసింది.

1986లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైన రామలింగస్వామి 2001 మే 28న కన్నుమూశారు. ఇంటింటా వాడే అయోడిన్ ఉప్పు వెనుక ఆయన పరిశోధనా కృషి ఉంది.