మూలికకూ, వైద్యునికీ పరీక్ష

హిందూపురం సమీపాన గల పరిగి పరిసరాలలో జయమంగలి ఏరు పెన్నలో కలుస్తుంది. ఆ మెట్ట చేలగట్ల మీద తంగేడు, తిప్పతీగ, గలిజేరు వంటి మొక్కలు కనబడడం వింత కాదు. వీటిలో ప్రతిదానికీ వైద్యంలో ఒక ఉపయోగం చెప్పబడి ఉన్నది. అయితే మొక్క పేరు తెలిసినంత మాత్రాన మందు తెలిసినట్లు కాదు. అసలు చిక్కు ఆ పేరులోనే ఉన్నది.

గ్రంథాలలో పునర్నవ అని ఉన్న మూలికను చూపమంటే కొందరు అటికమామిడిని, మరికొందరు గలిజేరును చూపుతారు. రెండూ నేలమీద పాకేవే, రెండింటినీ కూర వండుకొంటారు. కాని వృక్షశాస్త్రరీత్యా అటికమామిడి చంద్రకాంత కుటుంబానికి చెందినది, గలిజేరు కాదు. అటికమామిడి కాయలు జిగురుతో బట్టకు అంటుకొంటాయి. గలిజేరు కాయ పండినప్పుడు పైభాగం మూతవలె ఊడివస్తుంది. విద్యార్థులు ఒకసారి చేతితో పట్టి చూస్తే ఈ భేదం ఇక మరువరు. ఎండి, పొడియై, పొట్లంలోకి చేరిన తరువాత మాత్రం దానిని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు, సూక్ష్మదర్శిని ఉన్నవారికి తప్ప.

పూర్వం ఈ విద్య గురువునుండి శిష్యునికి, తండ్రినుండి కొడుకుకు వచ్చేది. గురువు మంచివాడైతే విద్యా మంచిదే. కాని ఇంటిముందుకు వచ్చిన రోగికి వైద్యుడెవరో, వేషధారి ఎవరో తెలుసుకొనే మార్గం లేదు. అనంతపురం జిల్లా మద్రాసు పాలనలో ఉన్న ఆ రోజులలో, 1918లో, ప్రభుత్వం దేశీయ ఔషధాల పరిశోధనకు డాక్టర్ కోమన్‌ను నియమించింది. ఆయన కొన్ని మందుల గుణాన్ని అంగీకరించినా, ఆయుర్వేద సిద్ధాంతాన్ని అశాస్త్రీయమని తీర్మానించాడు. వైద్యులు మండిపడ్డారు. మందును పరీక్షించాలన్న కోమన్ ఉద్దేశం సరియైనదే. తీర్పులోనే తొందర ఉన్నదని నా అభిప్రాయం.

ఆ తరంలో మద్రాసులో ఆయుర్వేదం బోధించిన తెలుగువారిలో ప్రముఖులు పండిత దీవి గోపాలాచార్యులు. పాశ్చాత్య వైద్యంలో పట్టం పొందిన ఆచంట లక్ష్మీపతి మరల ఆయనవద్ద శిష్యుడై ఆయుర్వేదం నేర్చుకొన్నారు. ఒక డాక్టరు పండితునివద్ద కూర్చొని చదవడం ఆ రోజులలో చిన్న సాహసం కాదు!

1921లో ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. కార్యదర్శి కెప్టెన్ శ్రీనివాసమూర్తి. కమిటీ పంపిన ప్రశ్నావళికి తెలుగు మొదలైన భాషలలో వైద్యులు జవాబులు వ్రాశారు. 1923లో నివేదిక వెలువడింది; 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల ప్రారంభమైంది. ఆయుర్వేద, సిద్ధ, యునానీలతోపాటు శరీరనిర్మాణ శాస్త్రం కూడా నేర్చి, పరీక్షలో నెగ్గినవారికి పట్టా ఇచ్చేవారు.

ఈ కట్టుబాటు అవసరమా అని అడిగేవారికి బెల్జియం ఉదంతం జవాబు చెబుతుంది. బ్రస్సెల్స్‌లో కొందరు స్త్రీలు బరువు తగ్గడానికి చీనా మూలికల మందు పుచ్చుకొన్నారు. అందులో ఒక వేరుకు బదులు పేరు దాదాపు అదేగా పలికే మరొక వేరు పడింది. వారి మూత్రపిండాలు చెడిపోయాయి. 1993లో ఈ సంగతి ప్రకటితమైంది. తరువాత కొందరికి మూత్రనాళాలలో క్యాన్సర్ కూడా కనబడింది. దోషం అరిస్టలోకిక్ ఆమ్లానిది. ఆ వేరు ఏ ప్రజాతికి చెందినదో, అనంతపురం వైపు నల్లరేగడి చేలలో మొలిచే గాడిదగడపాకూ అదే ప్రజాతికి చెందినది. ఇంటి వైద్యంలో దీనిని నేటికీ వాడేవారున్నారు. "ఆకే గదా, ఏం చేస్తుంది?" అన్నమాట ఇక్కడ చెల్లదు.

ఇప్పుడు ఆయుర్వేద పట్టానికి నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఆసుపత్రిలో శిక్షణ విధించబడినవి. రాయలసీమలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఈ చదువు చెబుతున్నది. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఆయన రిజిస్ట్రేషను సంఖ్య అడగడం అమర్యాద కాదు. వాడుతున్న ఇతర మందులన్నీ చెప్పాలి. చక్కెర వ్యాధికి మాత్రలు మింగుతూ, తంగేడు పూల కషాయం కూడా తాగితే రక్తంలో చక్కెర మితిమీరి పడిపోయే ప్రమాదమున్నది. గర్భిణులూ, పసిపిల్లల తల్లులూ ఆ విషయం ముందే చెప్పాలి. ఇంట్లో ఏదైనా మూలిక వాడి ఉంటే, పేరు చెప్పి ఊరుకోక, పువ్వూ కాయా వేరూ ఉన్న మొక్కనే తీసుకొనిపోయి చూపడం మేలు.