గోల్డ్, జొనాథన్ (1960–2018)

అమెరికా సంయుక్త రాష్ట్రములకు చెందిన పత్రికారచయిత, భోజనశాలా విమర్శకుడు, రేడియో వక్త. లాస్ ఏంజలిస్ నగరమున 1960 జూలై 28వ తేదీన జన్మించి, న్యూయార్కులో గడపిన కొలదికాలము తప్ప తక్కిన జీవితమంతయు ఆ మహానగర పరిసరములయందే వెళ్ళబుచ్చి, ధనికుల విలాసవస్తువుగా ఎంచబడుచుండిన భోజనశాలా విమర్శను పరదేశములనుండి వలసవచ్చిన సామాన్యుల హోటళ్ళకును, వీధిబండ్లకును విస్తరింపజేసినవాడు. విమర్శకై ఒసగబడు పులిట్జర్ బహుమానమును 2007లో గైకొని, ఆ గౌరవమునందిన ప్రథమ భోజనశాలా విమర్శకుడయ్యెను.

తొలిదినములు: గోల్డ్ ప్రథమాభిమానము సంగీతము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజలిస్ శాఖలో సంగీతము నభ్యసించెను. చెల్లో వాద్యమున ప్రవీణుడై, సంప్రదాయ సంగీతముతో తృప్తినొందక, పంక్ బృందమునందును దానిని వాయించెను. 1982లో 'ఎల్.ఏ. వీక్లీ' అను వారపత్రికలో ప్రూఫులు దిద్దు ఉద్యోగమున చేరెను. ఆ దినములలోనే నగరమధ్యమునుండి సముద్రతీరము వరకు సుమారు 15 మైళ్ళు సాగు పీకో బులెవార్డునందలి ప్రతి భోజనశాలలోను భుజింపవలెనని సంకల్పించి, సాల్వడోరు, మెక్సికో, కొరియా మున్నగు దేశముల ప్రజల వంటకములను ఒక్కటొక్కటిగా ఎరిగెను. ఒక పేటకును మరియొక పేటకును ఎల్లలు వంటయింటి వాసనలయందే తెలియునన్న ఎరుక, తరువాతి కృషికంతకును పునాది యయ్యెను.

పత్రికారచన: 1986లో ఆ వారపత్రికయందు 'కౌంటర్ ఇంటెలిజెన్స్' అను శీర్షికను ఆరంభించెను. పిదప ఆ శీర్షిక 'లాస్ ఏంజలిస్ టైమ్స్' దినపత్రికలోనికి మారి, 2000లో అదే పేరుతో గ్రంథరూపమును దాల్చెను. 1999 మొదలు 2001 వరకు 'గూర్మే' మాసపత్రికకై న్యూయార్కు భోజనశాలలను సమీక్షించి, మరల స్వనగరమునకు, తన తొలి వారపత్రికకు వచ్చెను. 2012లో 'టైమ్స్' పత్రికను పునః ప్రవేశించి తుదివరకు అందే యుండెను. ర్యాప్ గాయకులను గూర్చి, రాక్ సంగీతమును గూర్చి వ్రాసిన వ్యాసములును ఇతనికి పేరు తెచ్చెను. పత్రికాసంపాదకురాలైన లారీ ఒచోవా ఇతని సహధర్మచారిణి.

విమర్శన పద్ధతి: ఒక్క పూట భుజించి తీర్పు చెప్పుట ఇతనికి సమ్మతము కాదు. ఒకే చోటికి నాలుగైదు పర్యాయములు పోయి, ఆ వంట ఏ దేశమున, ఏ మండలమున, ఏ సందర్భమున పుట్టినదో గ్రంథములలో వెదకి తెలిసికొని, ఆ పిమ్మటనే కలము పట్టెడివాడు. ఇథియోపియా వారి 'డోరో వట్' అను కోడికూరనే ఉదాహరణముగా గైకొందము. ఉల్లిపాయలను సన్నని సెగపై చిరకాలము మగ్గనిచ్చి, సుగంధద్రవ్యములు కలిపిన మిరపకారమును, మసాలా కాచిన నేతిని చేర్చి, ఉడికిన గ్రుడ్లతో కూడ దించి, పులిసిన టెఫ్ పిండితో మన దోసెవలె పోసిన అట్టుపై వడ్డించు ఈ కూరకు పేరుమోసిన హోటలొకటి ఫెయిర్‌ఫాక్స్ వీధియందలి ఇథియోపియనుల పేటలో ఉండెను. జెనెట్ అగోనఫర్ అను వంటగత్తె నడపిన ఆ చిన్న హోటలు, గోల్డ్ ప్రశంసలచేత నగరమంతటి దృష్టికి వచ్చెను. అట్లే మెక్సికో దేశపు వహాకా మండలమువారి వంటకములకును, దక్షిణ థాయిలాండు కూరలకును, సాన్ గాబ్రియెల్ లోయయందలి చీనా హోటళ్ళకును ఇతని రచనలు పాఠకులను తండోపతండములుగా నడిపించెను.

పాఠకుని ఎదుట నిలువబెట్టి 'నీవు' అని సంబోధించుచు, ఆతడే తినుచున్నట్లు భ్రమ గొలుపుట ఇతని శైలిలోని విశేషము. విమర్శకుని ముఖము యజమానులకు తెలియరాదను ఆచారమును పెక్కేండ్లు పాటించి, మారుపేర్లతో బల్లలు ముందుగా కేటాయింపజేసికొనెడివాడు; కాని తన రూపము చాలమందికి ఎరుకపడిన పిమ్మట ఆ ముసుగు నిరర్థకమని తలచి, 2015లో బహిరంగముగా దానిని విడనాడెను.

రేడియో, చలనచిత్రము: సాంటా మోనికాయందలి కె.సి.ఆర్.డబ్ల్యు. రేడియో కేంద్రమునుండి వెలువడు 'గుడ్ ఫుడ్' కార్యక్రమమున, ఇవాన్ క్లైమన్ అను వ్యాఖ్యాత్రితో చిరకాలము సంభాషణలు జరపి, పత్రిక చదువని శ్రోతలకును తాను చవిచూచిన విశేషములను వినిపించెను. లారా గాబర్ట్ దర్శకత్వమున వెలువడిన 'సిటీ ఆఫ్ గోల్డ్' అను వాస్తవచిత్రము 2015లో సన్డాన్స్ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. తన ట్రక్కులో వీధివీధికి తిరుగుచు హోటళ్ళను పరామర్శించు గోల్డ్‌ను అందు చూడవచ్చును.

క్లోమగ్రంథి క్యాన్సరు సోకి, 2018 జూలై 21వ తేదీన, ఏబదియెనిమిదవ జన్మదినమునకు వారము ముందుగా మరణించెను. కరపత్రమైనను అచ్చొత్తించుకొనలేని బీద యజమానికి పత్రికాప్రశస్తి లభించుటయు, పొరుగుపేట నెరుగని నగరవాసికి ఆ పేట జనులతో భోజనపంక్తియందు పరిచయమేర్పడుటయు ఇతని కృషివలన కలిగిన ఫలములు. ఇతడు ఒంటరిగా నిర్వహించిన విమర్శక పదవికి 'లాస్ ఏంజలిస్ టైమ్స్' ఆ సంవత్సరాంతమున ఇరువురిని నియమించెను.