మెంఫిస్ నమూనా

మెంఫిస్ నమూనా అనేది తీవ్రమైన మానసిక సంక్షోభంలో ఉన్న వ్యక్తులను ఆదుకోవడానికి పోలీసులు, వైద్యశాలలు, రోగుల కుటుంబాలు కలిసి పనిచేసే ఒక విధానం. ఇది 1988లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెనెసీ రాష్ట్రానికి చెందిన మెంఫిస్ నగరంలో ప్రారంభమైంది. ఈ విధానంలో ప్రత్యేక శిక్షణ పొందిన పోలీసుల బృందాన్ని సంక్షోభ జోక్య బృందం అనీ, సంక్షిప్తంగా సి.ఐ.టి. అనీ అంటారు. ఎవరూ గాయపడకుండా పరిస్థితిని చక్కదిద్దడం, రోగిని జైలుకు కాకుండా చికిత్సకు చేర్చడం దీని రెండు ముఖ్య లక్ష్యాలు.

నేపథ్యం

20వ శతాబ్దపు మధ్యభాగం నుండి అమెరికాలో పెద్ద పెద్ద ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలను క్రమంగా ఖాళీ చేస్తూ వచ్చారు. రోగులకు వారు నివసించే చోటనే చికిత్స అందించాలన్నది దీని ఉద్దేశం. ఇందుకు సంబంధించిన చట్టంపై 1963లో అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ సంతకం చేశాడు. అయితే స్థానికంగా ఏర్పడవలసిన చికిత్సా కేంద్రాలు అవసరమైనన్ని ఏర్పడలేదు. రోగి పరిస్థితి విషమించినపుడు చాలా కుటుంబాలకు 911 అనే అత్యవసర సంఖ్యకు ఫోను చేయడం తప్ప వేరే దారి లేకపోయింది. ఆ పిలుపుకు సాధారణంగా వచ్చేది పోలీసులే. బిగ్గరగా ఆదేశించడం, చుట్టుముట్టడం, ఆయుధం చూపడం వంటి పద్ధతులు నేరస్థులను లొంగదీయడానికి ఉద్దేశించినవి. భ్రాంతిలోనో, తీవ్రమైన భయంలోనో ఉన్న వ్యక్తి వీటివలన మరింత ఉద్రేకానికి లోనయ్యే ప్రమాదం ఉంది.

చరిత్ర

1987 సెప్టెంబరులో మెంఫిస్‌లో మానసిక వ్యాధితో బాధపడుతున్న 27 ఏళ్ళ నల్లజాతి యువకుడొకడు కత్తితో తనను తాను గాయపరచుకోసాగాడు. అతని తల్లి సహాయం కోసం పోలీసులను పిలిచింది. కత్తి పడవేయమన్న ఆదేశాన్ని అతను పాటించకపోవడంతో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కాల్పులలో అతను మరణించాడు. ఈ సంఘటనపై నగరంలో తీవ్ర నిరసన వ్యక్తమైంది.

అప్పటి మేయరు రిచర్డ్ హాకెట్ చొరవతో పోలీసు శాఖ, మానసిక రోగుల కుటుంబాల సంఘం, స్థానిక విశ్వవిద్యాలయాలు, వైద్యశాలలు కలిసి చర్చించి 1988లో ఈ బృందాన్ని ఏర్పాటు చేశాయి. పోలీసు అధికారి శామ్ కాక్రాన్, మనస్తత్వవేత్త రాండాల్ఫ్ డుపాంట్ దీని రూపకల్పనలో ముఖ్య పాత్ర వహించారు. తరువాతి దశాబ్దాలలో ఈ నమూనా అమెరికాలోని వేలాది ప్రాంతాలకు, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలకు వ్యాపించింది.

పనిచేసే తీరు

బృందంలో చేరేవారు గస్తీ పోలీసులే. వీరు స్వచ్ఛందంగా ముందుకు రావాలి. వీరికి 40 గంటల శిక్షణ ఇస్తారు. మానసిక వ్యాధుల లక్షణాలు, మందులు, మత్తు పదార్థాల ప్రభావం, చట్టం గురించిన పాఠాలతోపాటు రోగులతోను, వారి కుటుంబాలతోను ముఖాముఖి మాట్లాడడం కూడా ఇందులో భాగం. ఉద్రిక్తతను మాటలతో తగ్గించే పద్ధతులను సన్నివేశాలుగా నటించి అభ్యసిస్తారు. నెమ్మదిగా మాట్లాడడం, తగినంత దూరం పాటించడం, తొందరపెట్టకుండా ఎదుటివారు చెప్పేది వినడం వీటిలో ప్రధానమైనవి. ఫోను అందుకొనే సిబ్బందికి కూడా ఏ పిలుపునకు ఈ బృందాన్ని పంపాలో నేర్పుతారు.

శిక్షణ ఈ నమూనాలో ఒక సగం మాత్రమే. పోలీసులు తీసుకువచ్చిన రోగిని ఏ వేళనైనా, తిప్పి పంపకుండా చేర్చుకొనే వైద్యశాల రెండవ సగం. మెంఫిస్‌లో మొదట ఈ బాధ్యతను నగరంలోని ప్రాంతీయ ప్రభుత్వ వైద్యశాల తీసుకొంది. ఇటువంటి ఏర్పాటు లేని చోట పోలీసులు అత్యవసర విభాగంలో గంటల తరబడి వేచి ఉండవలసి వస్తుంది. అప్పుడు చిన్న నేరం మోపి రోగిని జైలుకు పంపడమే వారికి సులువైన మార్గంగా కనిపిస్తుంది.

ఫలితాలు, విమర్శలు

శిక్షణ వలన పోలీసుల అవగాహన, ఆత్మవిశ్వాసం పెరుగుతాయనీ, రోగులను చికిత్సకు చేర్చడం కొన్నిచోట్ల మెరుగుపడిందనీ అధ్యయనాలు తెలిపాయి. అరెస్టులు, గాయాలు, మరణాలు తగ్గుతాయనడానికి మాత్రం స్థిరమైన ఆధారాలు లభించలేదు. చికిత్సా సదుపాయాలు కల్పించకుండా శిక్షణతోనే సరిపెట్టిన నగరాలు అనేకం ఉండడం ఇందుకు ఒక కారణంగా చెబుతారు. వైద్యం అవసరమైన చోటికి సాయుధులైన పోలీసులను పంపడమే సరికాదని మరికొందరి వాదన.

ఇతర నమూనాలు

లాస్ ఏంజెలెస్‌లో 1993 నుండి పోలీసు అధికారి, మానసిక వైద్య కార్యకర్త ఒకే వాహనంలో వెళ్ళే పద్ధతి అమలులోకి వచ్చింది. ఆరెగన్ రాష్ట్రంలోని యూజీన్ నగరంలో కహూట్స్ అనే పథకం 1989లో మొదలైంది. ఇందులో ఆయుధాలు లేని ఒక వైద్య సహాయకుడు, ఒక సంక్షోభ కార్యకర్త జంటగా వెళ్ళేవారు. నిధుల కొరత కారణంగా ఈ సేవ ఆ నగరంలో 2025లో నిలిచిపోయింది. డెన్వర్ నగరం 2020లో ఇటువంటి పథకాన్నే ప్రారంభించింది. 2022 జూలైలో అమెరికా అంతటా మానసిక సంక్షోభాల కోసం 988 అనే ప్రత్యేక ఫోను సంఖ్య అమలులోకి వచ్చింది.

భారతదేశంలో

భారతదేశంలో మెంఫిస్ తరహా బృందాలను చట్టం నిర్దేశించలేదు. అయితే ఇటువంటి సందర్భాలలో పోలీసుల బాధ్యతను మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 100వ సెక్షను స్పష్టంగా పేర్కొంటుంది. 1987 నాటి పాత చట్టం ప్రకారం రక్షణలోకి తీసుకొన్న వ్యక్తిని పోలీసులు మెజిస్ట్రేటు ముందు హాజరు పరచవలసి ఉండేది. కొత్త చట్టం ప్రకారం వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోను 24 గంటలు మించకుండా, దగ్గరలోని ప్రభుత్వ వైద్య సంస్థకు తీసుకువెళ్ళాలి. లాకప్పులో గాని, జైలులో గాని ఉంచరాదు. నిరాశ్రయులై తిరుగుతున్నవారి విషయంలో తప్పిపోయిన వ్యక్తిగా కేసు నమోదు చేసి, కుటుంబాన్ని వెదకి తెలియజేయడం స్టేషను అధికారి విధి.

తెలుగు రాష్ట్రాలలో హైదరాబాదులోని ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ ద్వారా 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చు.